పాఠశాల గ్రంథాలయం: లెక్కల ఆధారంగా పుస్తకాల మదింపు, ఎంపిక

బడి గ్రంథాలయంలో ఉన్న పుస్తకాలు పిల్లలకు ఏ మేరకు పనికొస్తున్నాయో చూసుకుని, వచ్చే ఏడాది ఏవి కొనాలో, ఏవి తీసేయాలో నిర్ణయించుకోవడానికి రెండు రకాల సమాచారం కావాలి. ఒకటి పుస్తకాలకు సంబంధించినది: ఎన్ని ఉన్నాయి, ఏ విషయాలవి, ఏ భాషవి, ఏ సంవత్సరం అచ్చయ్యాయి, ఏ స్థితిలో ఉన్నాయి. రెండోది వాడకానికి సంబంధించినది: ఎవరు తీసుకెళ్లారు, ఎన్నిసార్లు, ఏ పుస్తకం అడిగితే లేదన్నారు. మన బడుల్లో మొదటి రకం సమాచారం ఎంతో కొంత దొరుకుతుంది. అది ఆస్తి లెక్క కాబట్టి స్టాక్ రిజిస్టరు, యాక్సెషన్ నంబరు, బిల్లు, తనిఖీకి వచ్చిన అధికారి సంతకం అన్నీ దాని చుట్టూనే ఉంటాయి. రెండో రకం అరుదు. పుస్తకాల కొనుగోలులో జరిగే పొరపాట్లు చాలావరకు ఈ లోటు వల్లనే జరుగుతున్నాయి.

ప్రభుత్వాలు, సంస్థలు పెట్టిన కొలమానాలు కూడా ఆస్తి లెక్క వైపే మొగ్గుతాయి. విద్యాహక్కు చట్టం (2009) షెడ్యూలు ప్రతి బడిలో గ్రంథాలయం ఉండాలని, వార్తాపత్రికలు, మ్యాగజైన్లు, కథల పుస్తకాలతో సహా అన్ని విషయాల పుస్తకాలూ అందులో ఉండాలని చెబుతుంది. ఎన్ని ఉండాలో చెప్పదు. సీబీఎస్ఈ అనుబంధ నిబంధనల్లో చాలాకాలం ఉన్న లెక్క ప్రకారం పాఠ్యపుస్తకాలు కాకుండా విద్యార్థికి ఐదు పుస్తకాలు, ఆరంభంలో కనీసం 1,500 ఉండాల్సి ఉండేది. గ్రంథాలయ సంఘాల అంతర్జాతీయ సమాఖ్య ఇఫ్లా, యునెస్కో కలిసి 2002లో వెలువరించిన మార్గదర్శకాలు ఇంకాస్త ముందుకు వెళ్లి విద్యార్థికి పది, ఎంత చిన్న బడికైనా 2,500, అందులో కనీసం 60 శాతం పాఠ్యాంశాలకు దగ్గరగా ఉండే కథేతర పుస్తకాలు ఉండాలన్నాయి. కేంద్రం ఏటా దేశంలోని అన్ని బడుల నుంచి సేకరించే యూడైస్ ప్లస్ వివరాల్లోనూ గ్రంథాలయం ఉందా, ఎన్ని పుస్తకాలున్నాయి అన్నవే ప్రధానంగా కనిపిస్తాయి. బీరువాకు తాళం వేసి ఉన్నా ఈ లెక్కల్లో ఆ బడికి పూర్తి మార్కులే పడతాయి.

ఉండటానికీ వాడటానికీ మధ్య దూరం ఎంతో చూపించే జాతీయస్థాయి అంకెలు గ్రామీణ పిల్లల చదువును అంచనా వేసే అసర్ సర్వేలో ఉన్నాయి. సర్వే బృందం బడికి వెళ్లిన రోజున పాఠ్యపుస్తకాలు కాని పుస్తకాలు పిల్లల చేతుల్లో ఉన్నాయా అని అది చూస్తుంది. దేశంలోని గ్రామీణ ప్రభుత్వ బడుల్లో 2018లో అలా కనిపించినవి 36.9 శాతం. అది 2022 నాటికి దాదాపు 44 శాతానికి, 2024లో 51.3 శాతానికి పెరిగింది. 2018లో నాలుగింట ఒక వంతు బడుల్లో అసలు గ్రంథాలయమే లేదు. మూడో వంతుకు పైగా బడుల్లో గ్రంథాలయం ఉంది, పుస్తకాలు మాత్రం పిల్లల దగ్గర లేవు. ఆరేళ్లలో వచ్చిన పెరుగుదల సంతోషించదగినదే. అయినా సగం బడుల్లో ఆ దృశ్యం ఇంకా కనబడకపోవడం చిన్న విషయం కాదు.

వాడకాన్నే ప్రమాణంగా తీసుకోవాలన్న ఆలోచన మనకు కొత్తది కాదు. ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో మద్రాసు నుంచి ప్రచురించిన గ్రంథాలయ శాస్త్ర పంచసూత్రాలలో మొదటిదే పుస్తకాలు వాడకానికి ఉద్దేశించినవని చెబుతుంది. తర్వాతి రెండు సూత్రాలు పాఠకుడికి తన పుస్తకం, పుస్తకానికి తన పాఠకుడు దొరకాలంటాయి. ఈ రెండింటినీ అంకెల్లో పెట్టవచ్చు: ఏడాదిలో ఒక్క పుస్తకమైనా తీసుకోని పిల్లలు ఎందరు, ఒక్కసారైనా బయటికి వెళ్లని పుస్తకాలు ఎన్ని. 1969లో అమెరికాలో రిచర్డ్ ట్రూస్వెల్ చూపించిన ప్రకారం గ్రంథాలయంలో దాదాపు 80 శాతం వాడకం 20 శాతం పుస్తకాల మీదే నడుస్తుంది. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో అలెన్ కెంట్ బృందం 1979లో ప్రచురించిన అధ్యయనం ఇంకా ఎక్కువ సంచలనం రేపింది. 1969లో కొన్న పుస్తకాల్లో దాదాపు 40 శాతం తొలి ఆరేళ్లలో ఒక్కసారి కూడా బయటికి వెళ్లలేదని అది తేల్చింది. గ్రంథాలయంలోనే కూర్చుని చదివిన వాటికి తగిన విలువ ఇవ్వలేదన్న విమర్శ దానికి అప్పుడే ఎదురైంది. ఆ విమర్శ బడి గ్రంథాలయానికి మరింత గట్టిగా వర్తిస్తుంది, ఎందుకంటే మన బడుల్లో చదువు ఎక్కువగా లైబ్రరీ పీరియడ్‌లోనే జరుగుతుంది.

అంకెలు పనిచేసే తీరు ఒక ఊహాచిత్రంతో స్పష్టమవుతుంది. ఆరు నుంచి పదో తరగతి వరకు 420 మంది పిల్లలున్న ఒక ఉన్నత పాఠశాలలో 2,000 పుస్తకాలున్నాయి, ఏడాదిలో 1,500 సార్లు పుస్తకాలు ఇచ్చారు అనుకుందాం. తలకు దాదాపు ఐదు పుస్తకాలు, తలకు మూడున్నరసార్లు వాడకం. తనిఖీ నివేదికలో ఇది చక్కగానే కనిపిస్తుంది. ఇష్యూ రిజిస్టరును పేర్లవారీగా విడదీస్తే వేరే సంగతి బయటపడవచ్చు: 60 మంది పిల్లలు తలా పదిహేను చొప్పున 900 పుస్తకాలు తీసుకెళ్లారు, మరో 160 మంది మిగిలిన 600 తీసుకెళ్లారు, 200 మంది అసలేమీ తీసుకోలేదు. సగటు దాచేది ఈ 200 మందినే. వాళ్లలో ఎక్కువమంది ఏ తరగతివాళ్లు, ఏ సెక్షన్, బస్సుకు తొందరపడే పక్క ఊళ్లవాళ్లా, లైబ్రరీ పీరియడ్‌ను సిలబస్ పూర్తి చేయడానికి వాడుకునే తరగతివాళ్లా అని చూస్తేగాని లోపం పుస్తకాల్లో ఉందో, టైంటేబుల్‌లో ఉందో తేలదు. పుస్తకాలు కొంటే తీరే లోపాలు కొన్ని, కొన్నా తీరనివి కొన్ని. మదింపు మొదట తేల్చాల్సింది ఈ తేడానే.

అదే బడిలో విషయాలవారీ లెక్క కూడా వేయవచ్చు. కథల పుస్తకాలు 500, అంటే మొత్తంలో నాలుగో వంతు. ఇచ్చిన 1,500లో అవి 900, అంటే 60 శాతం. 60ని 25తో భాగిస్తే 2.4 వస్తుంది. విజ్ఞానశాస్త్ర పుస్తకాలు 400, మొత్తంలో 20 శాతం. ఇచ్చినవాటిలో వాటి వాటా 150, అంటే 10 శాతం, నిష్పత్తి 0.5. జనరల్ నాలెడ్జ్, పోటీపరీక్షల పుస్తకాలు 300, ఇచ్చినవి 60; నిష్పత్తి 0.27. వాడకంలో వాటాను సేకరణలో వాటాతో భాగించగా వచ్చే ఈ అంకె ఒకటి దాటితే ఆ విభాగం మీద ఒత్తిడి ఉన్నట్టు, ఒకటికి బాగా తక్కువైతే ఎక్కడో తేడా ఉన్నట్టు. లెక్క ఇంతే, కాలిక్యులేటర్ చాలు.

నిష్పత్తి 0.5 అన్నంత మాత్రాన పిల్లలకు సైన్స్ అంటే ఆసక్తి లేదని, ఇక సైన్స్ పుస్తకాలు కొనక్కర్లేదని తేల్చేస్తే ఆ మదింపు మేలు కన్నా కీడే చేస్తుంది. ఆ 400 పుస్తకాలను అర దగ్గర నిలబడి ఒక్కొక్కటిగా తీసి చూడాలి. వెనక అట్ట లోపల అతికించిన తేదీల చీటీ మీద ఒక్క ముద్రయినా లేనివి, పేజీలు ఇంకా ఒకదానికొకటి అంటుకుని ఉన్నవి ఎన్నో లెక్కపెట్టాలి. ఎనిమిదో తరగతి పిల్లలు చదివే అరలో డిగ్రీ స్థాయి భౌతికశాస్త్ర గ్రంథాలు ఉండవచ్చు. నలభై పుస్తకాలు ఒకే శీర్షికకు ప్రతులు కావచ్చు. బొమ్మ ఒక్కటీ లేని, చిన్న అక్షరాల ఇంగ్లిష్ పుస్తకాలు కావచ్చు. లేదా మంచి పుస్తకాలే అయ్యుండి, పిల్లల చేతికి అందని పై అరలో, వెన్ను లోపలికి తిప్పి పేర్చి ఉండవచ్చు. కారణాన్ని బట్టి పరిష్కారం మారుతుంది: ఒకచోట తీసేయాలి, ఒకచోట కింది అరకు దించాలి, ఇంకోచోట తెలుగులో బొమ్మలతో వచ్చిన పుస్తకాలు కొనాలి.

వర్గీకరణ సంఖ్యలను నమ్ముకుని లెక్క వేసే పద్ధతికి తెలుగు బడుల్లో ఒక ప్రత్యేక ఇబ్బంది ఉంది. 1876లో మెల్విల్ డ్యూయీ ప్రచురించిన దశాంశ వర్గీకరణే ఎక్కువచోట్ల వాడుకలో ఉంది. అందులో ఇంగ్లిష్ సాహిత్యానికి 820 మొదలు ఒక వరస మొత్తం దక్కింది. తెలుగు సాహిత్యమంతా 894.827 అన్న ఒక్క సంఖ్య కింద ఇరుక్కుంది. ఒకటో తరగతి పిల్లల బొమ్మల కథ నుంచి ప్రబంధం దాకా అన్నీ అక్కడే. సాఫ్ట్‌వేర్ ఇచ్చే విభాగాలవారీ నివేదికను యథాతథంగా తీసుకుంటే తెలుగు సాహిత్యం పుష్కలంగా ఉంది, బాగా కదులుతోంది అనే వస్తుంది. ఏ వయసువాళ్లకు ఉన్నాయి, ఏ వయసువాళ్లకు లేవు అన్నది తెలియదు. కాబట్టి ఆ సంఖ్యకు పక్కన చదువుస్థాయి, ప్రక్రియ సూచించే ఒక గుర్తు పెట్టుకోవాలి. బొమ్మల పుస్తకం, చిన్న కథలు, పిల్లల నవల, గేయాలు, జీవితచరిత్ర, పెద్దల సాహిత్యం అన్న విభజన చాలు. ప్రథమ్ బుక్స్ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్ వేదిక కథలను నాలుగు స్థాయులుగా విడదీసి తెలుగుతో సహా ఎన్నో భాషల్లో ఇస్తోంది. ఆ స్థాయులనే రంగు స్టిక్కర్లుగా పుస్తకం వెన్ను మీద అతికిస్తే పిల్లలకూ పనికొస్తుంది, లెక్కకూ పనికొస్తుంది.

ఇష్యూ రిజిస్టరు చెప్పని సంగతులు రెండున్నాయి. మొదటిది గదిలోనే చదివినవి. దీనికి ప్రపంచమంతటా వాడే తేలిక పద్ధతి ఒకటుంది: చదివిన పుస్తకాన్ని తిరిగి అరలో పెట్టవద్దు, బల్ల మీదే వదిలేయమని పిల్లలకు చెప్పి, పీరియడ్ అయ్యాక వాటిని విభాగాలవారీగా లెక్కించడం. ఏడాదంతా అక్కర్లేదు, ఒక్కో టర్మ్‌లో రెండు వారాలు చేస్తే ధోరణి తెలుస్తుంది. రెండోది ఇంతకన్నా ముఖ్యం, ఇంతకన్నా నిర్లక్ష్యానికి గురైనది: అడిగితే లేదన్న పుస్తకాలు. ఇచ్చినవాటి లెక్క ఉన్న పుస్తకాల గురించే మాట్లాడుతుంది, లేనివాటి గురించి దానికి తెలియదు. క్రికెట్ మీద, డ్రోన్ల మీద, దయ్యాల కథల మీద, బొమ్మలు గీయడం మీద పుస్తకం అడిగి వట్టి చేతులతో వెళ్లిన పిల్లవాడి కోరిక ఏ రిజిస్టరులోనూ చేరదు. తలుపు దగ్గర ఒక నోటుబుక్కు వేలాడదీసి, కావలసింది రాసి వెళ్లమంటే ఆ ఏడాది కొనుగోలు జాబితాలో సగం అందులోంచే తయారవుతుంది.

పుస్తకాల వయసు మరో ముఖ్యమైన కొలత. ఒక్కో విభాగంలోని పుస్తకాలను అచ్చయిన సంవత్సరాల వరసలో పెట్టి మధ్యలో పడిన సంవత్సరాన్ని చూడాలి. సగటు కన్నా ఇది నమ్మదగినది, ఎందుకంటే నాలుగు అతి పాత పుస్తకాలు సగటును కిందికి లాగేస్తాయి. 2006లో ప్లూటోను గ్రహాల జాబితా నుంచి తప్పించారు. తొమ్మిది గ్రహాల సౌరకుటుంబం ఇంకా ఎన్నో బడుల అరల్లో ఉంది. 2014కు ముందు అచ్చయిన భూగోళం పుస్తకంలో తెలంగాణ రాష్ట్రం ఉండదు. ఆ తర్వాత వచ్చినదాంట్లోనూ తెలంగాణలో పది జిల్లాలే ఉండవచ్చు; 2016 అక్టోబరులో అవి 31, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్ జిల్లాలు 2022 ఏప్రిల్‌లో 13 నుంచి 26 అయ్యాయి. పిల్లవాడు తన జిల్లా పేరు వెతికి, కనబడక పుస్తకం మూసేస్తే ఆ తప్పు పుస్తకాన్ని అక్కడ ఉంచినవారిదే. కథలకు, గేయాలకు, పురాణాలకు ఈ కొలత వర్తించదు. అన్ని విభాగాలకూ కలిపి ఒకే వయోపరిమితి పెట్టడం అనర్థం.

తీసివేతకు ఎక్కువగా చెప్పుకునే నమూనా 1976లో అమెరికాలోని టెక్సాస్‌లో జోసెఫ్ సెగల్ రూపొందించిన క్రూ పద్ధతి. ఒక్కో విభాగానికి మూడు అంశాలు కలిపి సూత్రం చెబుతుంది: అచ్చయి ఎన్నేళ్లయింది, చివరిసారి బయటికి వెళ్లి ఎన్నేళ్లయింది, పుస్తకంలో తప్పుడు సమాచారం, చిరిగిపోవడం, కొత్త ముద్రణ రావడం, బడికి సంబంధం లేకపోవడం వంటి లోపాలేమైనా ఉన్నాయా. మూడింటినీ కలిపి చూడమనడంలోనే దాని మంచి ఉంది.

మన దగ్గర తీసివేతకు అడ్డం పద్ధతి తెలియకపోవడం కన్నా భయం. పుస్తకం పోతే జీతంలోంచి కోస్తారేమో, ఆడిట్‌లో అభ్యంతరం వస్తుందేమో అన్న బెంగతో గ్రంథాలయ బాధ్యత చూసే ఉపాధ్యాయులు చిరిగినవాటినీ తీసేయరు, మంచివాటినీ బయటికి ఇవ్వరు. నిజానికి నిబంధనలు అనుకున్నంత కఠినమైనవి కావు. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలు (2017), 215వ నియమం ప్రకారం ఏడాదిలో ఇచ్చిన లేదా అక్కడే చదివిన ప్రతి వెయ్యి పుస్తకాలకు ఐదు పోవడం సహజ నష్టమే, అందులో నిజాయితీలేమి, నిర్లక్ష్యం లేనంతవరకు. వెయ్యి రూపాయలకు మించిన పుస్తకం, అరుదైన పుస్తకం పోతేనే తప్పనిసరిగా విచారణ. ఇది కేంద్ర సంస్థలకు వర్తించే నియమం. రాష్ట్రాల విద్యాశాఖలు కూడా బడులకు ఇంత స్పష్టమైన హామీ రాతపూర్వకంగా ఇస్తే ఎన్నో బీరువాల తాళాలు తెరుచుకుంటాయి. నష్టాన్ని లెక్కగట్టే తీరు కూడా గమనించదగ్గది: ఉన్న పుస్తకాలకు కాక, వాడిన పుస్తకాలకు నిష్పత్తి. ఎక్కువగా వాడేచోట కొన్ని చిరుగుతాయి, కొన్ని పోతాయి. ఏళ్ల తరబడి ఒక్క పుస్తకమూ పోని గ్రంథాలయాన్నే అనుమానంగా చూడాలి.

తీసివేతలో తెలుగు పుస్తకాలకు ఒక మినహాయింపు ఉండి తీరాలి. తెలుగులో పిల్లల పుస్తకాలు తక్కువ ప్రతులే అచ్చవుతాయి, ఒకసారి అయిపోతే పునర్ముద్రణకు నోచుకునేవి కొన్నే. 1947 జూలైలో మొదలై దశాబ్దాలపాటు నడిచి ఆగిపోయిన చందమామ బైండు సంపుటాలు, స్థానిక చరిత్రలు, ఊరి రచయితల పుస్తకాలు మూడేళ్లుగా ఎవరూ తీయలేదని తూకానికి వేస్తే మళ్లీ దొరకవు. వీటికి వాడకం సూత్రం పనికిరాదు. బడి ఉంచుకోలేకపోతే జిల్లా గ్రంథాలయానికి అప్పగించాలి.

ఇక పాఠ్యాంశాలతో పొంతన. అమెరికాలో 1980ల నుంచి డేవిడ్ లోర్చర్ ప్రచారంలోకి తెచ్చిన సేకరణ పటం పద్ధతిలో బోధనాంశాలను ఒక వైపు, వాటికి తోడ్పడే పుస్తకాల సంఖ్యను మరో వైపు వేసి ఖాళీలు గుర్తిస్తారు. దీన్ని చేయాల్సింది గ్రంథాలయ బాధ్యుడు ఒక్కడే కాదు, ప్రతి సబ్జెక్టు టీచరూ తన పాఠాల జాబితా ముందు పెట్టుకుని అర దగ్గరికి రావాలి. పంచాయతీరాజ్ పాఠానికి మూడు పుస్తకాలు, స్వాతంత్ర్యోద్యమానికి నలభై, చెరువులు, భూగర్భజలాల మీద ఒక్కటీ లేదు అని తేలితే కొనుగోలు జాబితా దానంతట అదే సిద్ధమవుతుంది. భాషను ఇందులో విడిగా చూడాలి. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ బడుల్లో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిష్‌గా ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. పాఠం ఇంగ్లిష్‌లో రాసే పిల్లవాడు ఇంటికి ఏ భాష పుస్తకం తీసుకెళ్తున్నాడో తరగతివారీగా ఒక్క ఏడాది నమోదు చేస్తే, రెండు భాషల మధ్య నిధులు ఎలా పంచాలన్న వాదం అంకెల మీద నిలబడుతుంది. ఆ అంకెలు లేకుండా బడి మాధ్యమం మారింది కాబట్టి పుస్తకాలూ మార్చేయడం సరికాదు.

సేకరణలో ఎవరి జీవితాలు కనిపిస్తున్నాయన్నది కూడా లెక్కించగలిగిన ప్రశ్నే. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలోని పిల్లల పుస్తకాల కేంద్రం 1985లో మొదటిసారి లెక్కపెట్టినప్పుడు ఆ ఏడాది అమెరికాలో వచ్చిన దాదాపు 2,500 పిల్లల పుస్తకాల్లో నల్లజాతి రచయితలు, చిత్రకారులవి 18 మాత్రమే అని తేలింది. ఆ ఒక్క అంకె దశాబ్దాల చర్చకు దారితీసింది. మన అరల్లోని కథల్లో ఆడపిల్లలు ప్రధాన పాత్రలుగా ఉన్నవి ఎన్ని? దళిత, ఆదివాసీ, ముస్లిం కుటుంబాల పిల్లలు, వైకల్యమున్న పిల్లలు కథానాయకులైనవి ఎన్ని? ఆసిఫాబాద్, పాడేరు వైపు బడుల్లో గోండి, కోయ, కువి మాటలున్న పుస్తకం ఒక్కటైనా ఉందా? వంద పుస్తకాలు యాదృచ్ఛికంగా తీసి చూసినా జవాబు దొరుకుతుంది. ఈ లెక్క వాడకం లెక్కకు దిద్దుబాటు కూడా. తన లాంటివాళ్లు ఏ పుస్తకంలోనూ కనబడని పిల్లలే, పైన చెప్పిన ఊహాచిత్రంలో ఏ పుస్తకమూ తీసుకోని ఆ 200 మందిలో ఎక్కువగా ఉండే అవకాశం ఉంది.

డబ్బు దగ్గరికి వస్తే లెక్క కటువుగా ఉంటుంది. సమగ్ర శిక్ష కింద ప్రభుత్వ బడులకు వచ్చే గ్రంథాలయ గ్రాంటు స్థాయిని బట్టి ఏడాదికి రూ.5,000 నుంచి రూ.20,000 వరకు ఉంటుంది. రూ.15,000 వచ్చే బడిలో పుస్తకం సగటు ధర రూ.120 అనుకుంటే కొనగలిగేవి 125. పుస్తకానికి పదేళ్ల ఆయుష్షు అనుకుంటే ఆ గ్రాంటు తాజాగా ఉంచగలిగేది సుమారు 1,250 పుస్తకాలను. 2,000 పుస్తకాలున్న బడిలో మొత్తం సేకరణ ఒకసారి మారడానికి పదహారేళ్లు పడుతుంది. అంటే సంఖ్య నిలబెట్టుకోవాలన్న తాపత్రయం ఉన్నంతకాలం మిగిలిన 750 పాత పుస్తకాలు అరలు నింపుతూనే ఉంటాయి, మంచి పుస్తకాలు వాటి మధ్య కనబడకుండా పోతుంటాయి. తలకు ఐదు, తలకు పది అన్న నియమాలు గ్రాంటు పెంచమని అడగడానికి పనికొస్తాయి. చచ్చిన పుస్తకాలను లెక్కలో ఉంచుకోవడానికి వాటిని సాకుగా చూపకూడదు. కొనుగోలు మొత్తం రాష్ట్రస్థాయిలో జరిగి, అన్ని బడులకూ ఒకే మూట వచ్చేచోట ఈ మదింపంతా వృథా అవుతుంది. గ్రాంటులో కొంత భాగమైనా బడి తన జాబితా ప్రకారం ఖర్చుపెట్టే వీలుండాలి.

అంకెలతో కీడు కూడా జరుగుతుంది. ఇన్ని పుస్తకాలు ఇచ్చి తీరాలని పైనుంచి లక్ష్యం పెడితే ఆ మేరకు రిజిస్టరు నిండుతుంది, చదువు పెరగదు. చదవని పిల్లల పేర్లు నోటీసు బోర్డు మీద పెడితే వాళ్లు గ్రంథాలయం వైపే రారు. ఏ పిల్ల ఏ పుస్తకం చదివిందన్నది ఆమె సొంత విషయం. శరీరం గురించో, కులం గురించో, మతం గురించో ఒక పుస్తకం తీసుకున్నందుకు ఎవరూ ప్రశ్నించకూడదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపువారిని పిల్లలుగా పరిగణిస్తుంది కాబట్టి సాఫ్ట్‌వేర్ వాడే బడులు మరింత జాగ్రత్త వహించాలి. నివేదికలు తరగతి స్థాయిలో ఉంటే చాలు, పేర్లు అక్కర్లేదు.

ఇదంతా చేయడానికి కంప్యూటరు తప్పనిసరి కాదు. న్యూజిలాండ్‌లో పుట్టిన కోహా, మన ఎన్ఐసీ తయారుచేసిన ఈ-గ్రంథాలయ వంటి సాఫ్ట్‌వేర్లు ఉన్న బడుల్లో పని తేలిక. లేనిచోట తేదీ, తరగతి–రోల్ నంబరు, పుస్తకం నంబరు, విభాగం, భాష, తిరిగి వచ్చిన తేదీ అన్న ఆరు గళ్ల రిజిస్టరు సరిపోతుంది. ఎనిమిదో తరగతి పిల్లలు ఇద్దరు దాన్ని చక్కగా నిర్వహించగలరు. మన విద్యాసంవత్సరానికి తగ్గట్టు మార్చిలో విభాగాలవారీ లెక్క, ఏప్రిల్‌లో పరీక్షల తర్వాత అరల తనిఖీ, తీసివేత జాబితా, సెలవుల్లో కొనుగోలు జాబితా తయారవ్వాలి. గ్రాంటు ఏ నెలలో వచ్చినా జాబితా ముందే సిద్ధంగా ఉంటే ఆర్థిక సంవత్సరం చివరి వారంలో దొరికింది కొనే దుస్థితి రాదు. ప్రధానోపాధ్యాయులు ఈ జూన్‌లో కొత్త స్టాక్ రిజిస్టరుతో పాటు ఆ ఆరు గళ్ల రిజిస్టరు కూడా తెరిపించి, తలుపు దగ్గర నోటుబుక్కు వేలాడదీయించాలి.